పదును తెలుపు జిప్సము బిళ్లయు, బోరు వంతులును

మన యెడ ఆరుతడి పైరునకు నీరు పెట్టుటకు ముఖ్యముగా మూడు కారణములు కానవచ్చుచున్నవి. కరెంటు వచ్చుట మొదటిది. వంతు వచ్చుట రెండవది. ప్రక్కచేనివాడు పెట్టుచుండుట మూడవది. పైరునకు కావలసియుండుట యనునది నాలుగవ కారణము. దానిని విచారించి పిమ్మట మోటారు వేయువారు నూటికి ఎందరుందురో సభ్యులే తమలో తాము లెక్కించుకొనవచ్చును.

ఇట్లు వ్రాయుట రైతును నిందించుటకు గాదు. భూమిలోపల తడి ఎంత గలదో చూపు సాధనము నెవరును వాని చేతి కియ్యలేదు. తోడిన నీటిని బట్టి పైకము చెల్లించు పద్ధతియు మన రైతునకు లేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. అంతకుముందు చాలకాలము మోటారు హార్సుపవరును బట్టి ఇంత యని కట్టుటయే గాని గంటల లెక్క లేదు. 2018 జనవరి 1వ తేదీన తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా ప్రారంభమయ్యెను. దానికి ముందే ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వమువారు ఊరూర చెప్పవలసివచ్చెను. యజమాని నిద్రించుచుండగా కరెంటు వచ్చినంతనే మోటారును నడుపు యంత్రమునకు చేను తడిసియున్నదో ఎండియున్నదో ఏమి తెలియును? ఉచిత విద్యుత్తు కూడదని నా వాదము గాదు. దానివలన నిలిచిన కాపురములను పెక్కింటిని ఎరుగుదును. కాని "ఇక చాలు" అని రైతునకు చెప్పు వస్తువు ఏదో యొకటి యుండవలెను గదా. నేడు ఆ మాట చెప్పునది బోరు ఎండుట యొక్కటే. అది చెప్పునాటికి వినియు ప్రయోజనము లేదు.

మన పెద్దలు అదును, పదును అను రెండు మాటలతో సేద్యమంతయు నడపిరి. అదును కాలమునకు సంబంధించినది, పదును నేలలోని చెమ్మకు సంబంధించినది. పిడికెడు మన్ను తీసి బిగించి, ముద్ద కట్టునా, ముద్ద వేలితో నొక్కిన విడునా, చేతికి జిగురంటునా అని చూచి దున్నుటకును విత్తుటకును పూనుకొనెడివారు. ఆ పరీక్ష నేటికిని మంచిదే. గునపముతో మూరెడు లోతు త్రవ్వి మన్ను తీసి చూడగలవానికి ఏ యంత్రమును అక్కరలేదు. అయితే తోటలో దినదినము పదిచోట్ల మూరెడు గుంట ఎవరు త్రవ్వుదురు? త్రవ్వరు గావున పైపై చూచి నిర్ణయింతురు. ఎర్రగరప నేల ఒక్క ఎండకే పైన తెల్లబారును, జానెడు క్రింద పదును చక్కగానుండును. నల్లరేగడి పైన పెట్లినను మూరెడు లోతున తడి నిలువయుండును. ఇక డ్రిప్పు పెట్టినచోట, చుక్కపడు తావున మడుగుగానుండి జేనెడు దూరమున పొడిమన్నుండుటయు కలదు. కంటికి కనబడునది రెండంగుళముల నేల, పైరు త్రాగునది దాని క్రిందిది.

నీరెక్కువైనచో నష్టమేమి యని కొందరడుగుదురు. మిరపతోటలో నీరు నిలిచి వేళ్లకు గాలి యాడనప్పుడు మొక్క వడలును. ఎండకు వడలినప్పుడును అట్లే కనబడును. రెంటికిని భేదము తెలియక వడలిన తోటకు మరియొక తడి పెట్టి, ఉన్న వేళ్లను కూడ కుళ్లజేయువారిని చూచుచున్నాము. చీనీచెట్ల మొదళ్ల చుట్టు నీరు నిలిచిన బంకతెగులు పట్టుట తోటలవా రెల్లరు ఎరిగినదే. వేసిన యూరియాలోని నత్రజని అధికమైన నీటితో వేళ్లకందని లోతునకు దిగిపోవును. పైరు పసుపుబారినదని మరల యూరియా కొందుము. నీరు ఉచితమైనను యూరియా ఉచితము గాదు, క్రొత్తబోరు అసలే గాదు.

ఈ చిక్కునకు ఇంటనే చేసికొనదగిన చిన్న పరికర మొకటి కలదు. దానిని ఇచ్చట జిప్సము బిళ్ల యందుము. 1940లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున బూయుకోస్ అను భూశాస్త్రజ్ఞుడు మిక్ అను సహచరునితో గూడి ఈ యుపాయమును ప్రకటించెను. దాని మర్మము మిక్కిలి సులభము. నేను చదివిన మిషను పాఠశాలలో సైన్సు చెప్పు అయ్యవారు ఎండిన సుద్దముక్క కొసను సిరాబుడ్డిలో ముంచి, సిరా పైకి ఎగబ్రాకుటను మాకు చూపెడివారు. తడిసిన ఆ ముక్కను మెత్తని ఎండుమట్టిలో పాతిపెట్టిన, ఆ మన్ను దానినుండి తడిని తిరిగి లాగికొనెడిది. జిప్సము బిళ్లయు అట్టిదే. నేలలో పాతిన బిళ్ల, చుట్టునున్న మన్ను తడిసిన తాను తడియును, మన్ను ఆరిన తాను ఆరును. తడిసిన బిళ్లగుండ విద్యుత్తు సుళువుగా ప్రవహించును, ఆరిన బిళ్ల అడ్డగించును. ఆ అడ్డును ఓములలో కొలిచిన, త్రవ్వకయే లోపలి సంగతి తెలియును. నేలలో నీరెంత యున్నదనుటకంటె, ఆ నీటిని లాగికొనుటకు వేరు ఎంత కష్టపడవలెనో బిళ్ల చెప్పునని గ్రహింపుడు. పైరునకు కావలసిన లెక్కయు అదియే.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని బజారున దొరకు తెల్లపిండి కాల్చిన జిప్సమే. వేరుసెనగకు ఊడలు దిగు తరుణమున ఎకరమునకు 200 కిలోల చొప్పున మనము వేయు జిప్సమును కాల్చి అందలి నీటిలో చాలభాగము పోగొట్టిన ఈ పిండి యగును. మరల నీరు కలిపిన రాయివలె గట్టిపడును. అచ్చునకు అంగుళపు పి.వి.సి. గొట్టమును రెండంగుళముల ముక్కలుగా కోసి, ఒక ప్రక్క నిలువున చీల్చి, దారముతో బిగించి, లోపల పలుచని ప్లాస్టిక్ కాగితము పరచవలెను. నూనె మాత్రము రాయకుడు, అది బిళ్ల రంధ్రములను మూసివేయును. ఒక్కొక బిళ్లకు రెండు స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులు కావలెను. ఇనుపమేకులు త్రుప్పు పట్టును, రాగితీగ పచ్చబడి తినివేయబడును. రెండు మేకుల నడుమ ఒక సెంటీమీటరు ఎడముండునట్లు రెండు రంధ్రములు చేసిన చెక్కముక్కలో వానిని నిలిపి, అన్ని బిళ్లలకు ఆ చెక్కనే వాడవలెను. ఎడము మారిన అంకె మారును. మేకుల తలలకు జంటతీగ చుట్టి, ఆ యతుకును నీరు చొరకుండ ఎపాక్సీ లప్పముతో కప్పవలెను. పిండి రెండుపాళ్లు, నీరు ఒకపాలు తూచి కలిపి, అన్నిటిని ఒక్క కలుపులోనే పోసి, గాలిబుడగలు పోవునట్లు అచ్చులను తట్టవలెను. గట్టిపడిన పిదప నీడను కొన్నిదినము లారనిచ్చి, పాతుటకు ముందు ఒక రాత్రి నీట నానవేసి కొలువవలెను. నానిన బిళ్లలన్నియు ఇంచుమించుగా ఒకే అంకె చూపవలెను. వేరుగా చూపు బిళ్లను మొగమాటము లేక పారవేయుడు.

పాతుటలోనే చాలమంది చెడగొట్టుదురు. బిళ్లకు మన్ను అంటియుండవలెను, నడుమ గాలి యుండరాదు. పైరువరుసలో, వేళ్లున్న చోట, చేనిలో సాధారణముగా నీరందు తావున గొట్టపుగుంట చేసి, అందలి మట్టినే నీటితో బురదగా కలిపి అడుగున పోసి, నానిన బిళ్లను అందు నొక్కి, తీసిన మన్నును తీసిన వరుసకు తిరుగుగా పోసి దట్టించవలెను. డ్రిప్పుచుక్క క్రిందనే పాతినచో ఎల్లప్పుడు తడి యనియే చెప్పును. ఒక్క బిళ్ల చాలదు. జానెడు లోతున నొకటి, మూరెడు లోతున నొకటి, ఒకేచోట జంటగా పాతవలెను. పైబిళ్ల ఆరి క్రిందిబిళ్ల తడిగానున్న, పైరు తాళగలదు. పైతడి పెట్టుచుండగా క్రిందిబిళ్ల ఎన్నడును ఆరకున్న, మనము పెట్టు నీరు వేళ్లను దాటి పోవుచున్నదని యర్థము. ఈ రెండవ సంగతి మన తోటలలో అనేకులకు ఆశ్చర్యము కలిగించును.

కొలుచుటకు మోటారు మరమ్మతు చేయువారివద్ద నుండు మల్టీమీటరు చాలును. అయితే అది ఒకే దిశకు కరెంటు పంపును గనుక తీగలను ఎక్కువసేపు పట్టియుంచిన అంకె కదలిపోవుచుండును. ఆనించిన వెంటనే చదివి, తీగలను తారుమారు చేసి మరల చదివి, రెంటి సగటు వ్రాసికొనవలెను. ప్రతిదినము ఉదయము ఒకే వేళకు చదువుడు. నేల వేడిని బట్టియు అంకె కొంత మారును. బాగుగా తడిసిన బిళ్ల కొన్ని వందలనుండి రెండువేల ఓముల లోపల చూపును. ఎండిన కొలది అంకె వేలు, పదివేలు దాటి లక్షలకు పోవును.

ఈ యంకెలను ఏ పుస్తకమునందును వెదకకుడు, పొరుగు సంఘమువారిని అడుగకుడు. మన బిళ్లకు మన నేలలో మన గుర్తులే పెట్టవలెను. మంచివానగాని నిండుతడిగాని పడిన పిమ్మట ఎర్రనేలలో రెండుదినములు, నల్లరేగడిలో మూడునాలుగు దినములు తాళి చూచిన అంకె "నిండు" గుర్తు. చేని మూలనొక బిళ్ల పాతి, అచ్చటి నాలుగు మొక్కలకు నీరాపి, అవి రాత్రి చల్లదనమునకును తేరుకొనక తెల్లవారి వడలియే యున్ననాడు చూచిన అంకె "ఎండు" గుర్తు. నడుమ ఎచ్చట నీరు పెట్టవలెనన్నచో అంకెలో సగము తీయరాదు. తడి తగ్గినకొలది అంకె సమముగా పెరుగదు, చివర ఎగిరిపోవును. అందుచేత ఆ దినములలో బిళ్ల లోతునుండి నూరుగ్రాముల మన్ను తీసి తూచి, పెనముమీద బరువు తగ్గుట ఆగువరకు వేచి మరల తూచినచో నీరెంతయో తెలియును. నిండునాటి నీటికిని ఎండునాటి నీటికిని నడుమ సగము వచ్చిననాడు బిళ్ల చూపిన అంకెయే "తడి పెట్టు" గుర్తు. ఇది ఒక్కసారి చేసిన ఆ మడికి చాలును. హైస్కూలు చదువుచున్న పిల్లలు దీనిని మనకంటె చక్కగా చేయుదురు.

బిళ్లకు లోపములును కలవు. ఇసుకనేలలో అది కదలునప్పటికే పైరు దాహమునకు లోనగును గనుక అచ్చట పనికిరాదు. నల్లరేగడి పెట్లినపుడు బిళ్లకును మట్టికిని నడుమ సందేర్పడి లేని యెండను చూపవచ్చును. జిప్సము కొద్దికొద్దిగా నీట కరగును గావున ఒకటి రెండేండ్లకు క్రొత్తది పోసికొనవలెను. ఆ కరగుటయే ఒక మేలు కూడ చేయుచున్నది. బిళ్లలోని నీరు ఎప్పుడును జిప్సముతో నిండియుండును గనుక ఎరువుల యుప్పు కొంచెము చేరినను అంకె అంతగా చెదరదు. చవుడునేలలో మాత్రము నమ్మరాదు.

తపాలాలో తెప్పించు రెండుకాళ్ల చౌకపరికరమునకు ఆ రక్షణ లేదు. ఒకే మన్ను, ఒకే కొలత నీరు రెండు కుండలలో పోసి, ఒకదాని నీటిలో పిడికెడు పొటాషు కరగించి ఆ పరికరమును గ్రుచ్చి చూడుడు. పొటాషు కుండయే ఎక్కువ తడిగానున్నట్లు చెప్పును. అనగా ఎరువు వేసిన మరునాడు అది నీరున్నదని బొంకును. ఎడతెగక కరెంటు పారుచుండినచో దాని కాలొకటి కొన్ని వారములకే తినివేయబడును. గిల్టుకొట్టులో లోహము ఒకచోట కరగి మరియొకచోట అంటుట చూచినవారికి ఇది వింత గాదు. లోహము బయటపడని కెపాసిటివు పలకలు దీనికంటె మేలైనవే. చిన్న బోర్డులతో పనిచేయ నేర్చిన యువకులు వానిని వాడుకొనవచ్చును. గుర్తులు పెట్టు శ్రమ వానికిని తప్పదు. కోయంబత్తూరులోని చెరకు పరిశోధన సంస్థవారు రంగుదీపములతో తేమ తెలుపు పరికరము చేసిరి. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు వరిమళ్లకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుగల టెన్సియోమీటరు నిచ్చిరి. వరికి మనకింకను తేలికమార్గము కలదు. రంధ్రములు చేసిన గొట్టమును మడిలో పాతి, అందలి నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోవువరకు ఆగి నీరు పెట్టుటయే. పూతకాలమున మాత్రము నీరు నిలువయుంచవలెను.

ఇక అసలు విషయమునకు వత్తును. బిళ్ల పోయుట పిల్లలాట. దాని మాట వినుట కష్టము. నలుగురు భాగస్వాములు గల బోరును తలపోయుడు. నేడు ఒకని వంతు. వాని క్రిందిబిళ్ల నిండుగానున్నది, పైబిళ్లయు ఇంకను "తడి పెట్టు" గుర్తునకు రాలేదు. ఇంక రెండుదినములు ఆగవచ్చును. కాని నేటి వంతు వదలిన మరల నాలుగవ దినమునగాని నీరు రాదు. నడుమ మోటారు కాలిన, ట్రాన్స్‌ఫార్మరు పోయిన ఇంకెన్ని దినములో తెలియదు. బిళ్ల వద్దనును, వంతు తీసికొమ్మనును. వాడు వంతు మాటయే వినును. వాని స్థానమున నేనున్నను అదియే చేయుదును. ఇది మూఢత్వము గాదు, ఏర్పాటులోని దోషము. తగ్గించుకొన్నవానికి దండన, అనవసరముగా తీసికొన్నవానికి భద్రత కలుగు నియమము నడచునంతకాలము, ఎంత మంచి పరికరమిచ్చినను అది గట్టున అలంకారముగానే యుండును. పరికరములను పంచి చేతులు దులుపుకొను పథకములయెడ నాకు నమ్మకము తక్కువగుటకు హేతువిదియే.

కావున బిళ్లతోపాటు నియమమును మార్చవలెనని నా యభిప్రాయము. బిళ్ల చూచి వంతు వదలినవానికి ఆ వంతు జమ కావలెను. వాని బిళ్ల "తడి పెట్టు" గుర్తునకు వచ్చిననాడు, ఎవరి వంతైనను, జమగలవాని చేనికి మొదట నీరు పోవలెను. మన సంఘములో పొదుపు పైకము దాచి అవసరమునకు తీసికొనుట అందరికి అలవాటైనదే. అయితే నీరు పైకమువలె పేరుకొనునది గాదు. రాతినేల బోరులో తోడక వదలిన నీరు కొంత నిలుచును, కొంత ప్రక్కబోరు లాగికొనును. అందుచేత ఒక్కొకరికి ఒక్క వంతునకు మించి జమ యుండరాదు, ఒక దిన్నెలోని బోర్లన్నియు ఈ కట్టడిలోనికి రావలెను. నలుగురిలో ముగ్గురు పాటించి ఒకడు మానినచో ఆ ముగ్గురి పొదుపు నాలుగవవాని చేనిలో పారును.

ఊరివారు కొలతలు తీసి వానినిబట్టి నడచుకొందురా యని సందేహించువారికి మన దేశముననే జవాబున్నది. 2000 తరువాతి దశాబ్దమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రమునందలి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో రైతులే భూగర్భజలముల నిర్వహణకు పూనుకొనిరి. స్త్రీలు, పురుషులు వానకొలతలు, బోర్లలోని నీటిమట్టములు తామే వ్రాసికొని, ఏ పైరెంత వేయవలెనో తామే కూడి యాలోచించిరి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము బావికిని బావికిని ఎంత దూరముండవలెనో విధింపగలదు గాని, రేపు తెల్లవారుజామున మోటారు వేయవలెనా మానవలెనా యనునది చట్టమునకు అందదు. అది గట్టుమీద తేలవలసినదే.

ఒక శంక న్యాయమైనది. తప్పుటంకె చెప్పి వంతు కాజేయువాడుండడా? ఉండును. అందుకే బిళ్లలను చేనివాడొక్కడే చదువరాదు. అదే బోరు భాగస్వామి మరియొకడు కూడ నుండి, అంకెను స్టార్టరు పెట్టెకు కట్టిన పలకమీద అందరు చూడ వ్రాయవలెను. కౌలుదారుల మాటయు మరువరాదు. వంతు భూమిగలవానిదని మన యలవాటు. జమ మాత్రము చేనిలో పైరున్నవానికే చెందవలెను. లేనిచో కౌలురైతు ఆదా చేసిన నీటిని భూస్వామి తన తోటకు మళ్లించుకొనును, మరుసటి యేడు ఆ కౌలురైతు బిళ్లవంక కన్నెత్తి చూడడు.

బిళ్లను మోటారునకు కలిపి, ఎండిన తానే నడచునట్లు, తడిసిన తానే ఆగునట్లు చేయవచ్చునని కొందరు యువకులు ఉత్సాహపడుచున్నారు. చేయవచ్చును. మొదటి రెండు పంటలవరకు వలదని నేను చెప్పుదును. మనిషి రోజును అంకె చూచి, వెంటనే గునపముతో మన్ను తీసి చేతితో పిసికి, రెంటిని పోల్చుకొన్నగాని నమ్మకము కుదురదు. ఆటోస్టార్టరు మనకు నేర్పిన నిద్ర చాలును.

సంఘము చేయవలసినది పెద్దది గాదు. ప్లాస్టరు సంచి యొకటి, మరమేకులు, జంటతీగ, ఊరికొక మల్టీమీటరు సంఘము కొనవలెను. మొదటి యేడు కలిసియున్న మూడు నాలుగు బోర్లను, వీలైనచో ఒక చీనీతోటను, ఒక మిరపతోటను, రబీ వేరుసెనగ నొకదానిని ఎంచుకొనిన చాలును. జమ నియమమును ఆ బోర్ల భాగస్వాములే చర్చించి వ్రాసికొని సంఘము తీర్మానముల పుస్తకములో చేర్పించవలెను. ఈ పని రబీ విత్తుటకు ముందే ముగియవలెను. పైరు మోకాలెత్తు పెరిగిన పిమ్మట గుంటలు చేసిన వేళ్లు తెగును, బిళ్ల చుట్టు మన్ను కుదురుకొనుటకును వ్యవధి చాలదు. బిళ్లలు పోయు దినమున ప్రతి బోరునుండి ఒక్కరైనను, వారివెంట లెక్కలు వచ్చిన పిల్లవాడుగాని పిల్లగాని ఒకరును రావలెను. తూనిక పట్టుట, అంకెలు వ్రాయుట వారి పని.